అమ్ముగూడ నుండి రోముకు

సికిందరాబాదు చెంత అమ్ముగూడలో ఒక పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం ఆటను మొదట పసిగట్టినవాడు హైదరాబాదు పోలీసు జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. సాధనకై రోజూ నగరానికి రావడానికి చేత డబ్బులేని ఆ కుర్రవానికి సైకిలు అద్దె రహీమే ఇచ్చేవాడని చెబుతారు. ఆ కొద్దిపాటి పైకం వృథా పోలేదు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారత జట్టులో బలరాం ఉన్నాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4–1 తేడాతో ఓడినా, మన జట్టుకు నాలుగవ స్థానం దక్కింది. నాలుగేళ్ళ తరువాత రోములో హంగరీపై మనం చేసిన ఏకైక గోలు అతనిదే. 2–1తో గెలుపు హంగరీని వరించిందనుకోండి. కాని వారు ఆ క్రీడలలో కాంస్యం గెలిచినవారని మరువరాదు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను ఓడించి ఆసియా స్వర్ణం తెచ్చిన జట్టులోనూ అతడున్నాడు.

ఈలోగా కలకత్తా అతణ్ణి సొంతం చేసుకున్నది. ఈస్ట్ బెంగాల్ అభిమానులకు అతడు ఇంటి బిడ్డ. 1963లో ఊపిరితిత్తుల వ్యాధి అడ్డుపడి, ముప్పయ్యేళ్ళైనా నిండకుండానే ఆట మానవలసి వచ్చింది. అదే ఏడు గురువు రహీం కన్నుమూశాడు.

తోటి ఆటగాళ్ళు చునీ గోస్వామికీ, పి.కె. బెనర్జీకీ పద్మశ్రీ లభించింది. అర్జున పురస్కారంతో సరిపెట్టుకున్న బలరాం, ఉత్తరపారాలో ఒంటరిగా కాలం గడిపి, 2023 ఫిబ్రవరి 16న మరణించాడు.