పాత గిటారుకు మళ్ళీ ప్రాణం

అరక్కోణం పెద్ద రైలు కూడలి. అక్కడి షెడ్డులో విద్యుత్ ఇంజన్లకు మరమ్మతులు చేస్తారు. ఇంజను రాగానే పనివారు భాగాలన్నీ ఊడదీసి పారవేయరు. ముందు పరీక్షిస్తారు. లోపం ఎక్కడుందో తెలుసుకొని, చెడిన దానినే మారుస్తారు. పాత విద్యుత్ గిటారును బాగుచేసే పద్ధతి కూడా ఇదే.

విద్యుత్ గిటారు 1932లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మామూలు గిటారులో డొల్లగా ఉండే చెక్కపెట్టె నాదాన్ని పెంచుతుంది. చాలా విద్యుత్ గిటార్లకు ఆ డొల్ల ఉండదు. మరి నాదం ఎలా వస్తుంది? ఉక్కు తీగల కింద అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుడతారు. దీనిని 'పికప్' అంటారు. మీటిన తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనుగొన్న సూత్రం. ఆ విద్యుత్తును యాంప్లిఫయరు పెంచుతుంది. స్పీకరు ధ్వనిగా మారుస్తుంది.

పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి లోకప్రసిద్ధి పొందారు. ఆయన 2014లో చెన్నైలో కన్నుమూశారు. విద్యుత్ మాండలిన్ పలికేది కూడా ఈ సూత్రం వల్లనే.

ఇక మరమ్మతు సంగతి చూద్దాం. మొదట దండి వంగిందేమో చూస్తారు. ఆరు తీగలు కలిసి దాదాపు 45 కిలోల బరువుతో సమానంగా దండిని లాగుతుంటాయి. దండిలోపలి ఇనుప కడ్డీని కొద్దికొద్దిగా తిప్పి వంపు తీస్తారు. తొందరపడి గట్టిగా తిప్పితే కడ్డీ విరగవచ్చు. వీణ మెట్లను మైనం మీద నిలుపుతారు. గిటారు మెట్లను గాడులలో బిగిస్తారు. కొంచెం అరిగిన మెట్లను ఆకురాయితో సమం చేస్తారు. బాగా అరిగితేనే కొత్తవి వేస్తారు.

శబ్దాన్ని పెంచే గుండీ తిప్పితే గరగరమంటుందా? లోపల దుమ్ము చేరి ఉండవచ్చు. చాలాసార్లు శుభ్రం చేస్తే చాలు. నాదం వచ్చి వచ్చి ఆగిపోతుంటే, ఊడిన అతుకును వెతికి టంకం వేస్తారు.

పికప్ మూగబోతే కొత్తది వేయాలని అందరికీ తోస్తుంది. మంచి పనివాడు ముందు మీటరు పెట్టి చూస్తాడు. రాగి తీగ చివర తెగి ఉంటే జాగ్రత్తగా అతికించవచ్చు. లోపల తెగితేనే కొత్త తీగ చుట్టాలి. తీగ ఎన్ని చుట్లు, అయస్కాంతం బలమెంత అన్నదాన్ని బట్టి నాదం మారుతుంది. పాత పికప్‌ను పారవేస్తే ఆ గిటారు గొంతే మారిపోతుంది.

ఒక హెచ్చరిక: ప్లగ్గు తీసినా యాంప్లిఫయరులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పిల్లలు దానిని విప్పరాదు.

పాతదాన్ని కొత్తదిగా మార్చడం మరమ్మతు కాదు. చెడినదాన్ని సరిచేసి, మంచిని మంచిగా నిలపడమే మరమ్మతు.