జనన పత్రములో బిడ్డ పేరు

ఆళ్లగడ్డ కోడలు నంద్యాలలో ప్రసవించినచో శిశుజననము నంద్యాలలోనే నమోదగును; పుట్టినచోటే లెక్క, కాపురమున్నచోటు గాదు. ఇందులకు గడువు 21 దినములు. బారసాల యప్పటికి గాకున్న పేరు గడి ఖాళీగా మిగులును. పిదప దానిని పూరింపించుట పలువురు మఱచుచున్నారు. 1969 నాటి చట్టము 14వ సెక్షను ఇందులకు వీలు కల్పించినది: సంవత్సరములోపలనైన రుసుము లేదు, తరువాత 15 ఏండ్లవఱకు ఆలస్య రుసుముతో వ్రాయింపవచ్చును. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టినవారికి బడిలో చేర్చుటకు, ఆధార్ కార్డునకు, వివాహ నమోదునకు జన్మదినమును రుజువుపఱచునది ఈ పత్రమే. కావున పురుషులు తీరికలేదన్నచో మనమే పోవుదము. చిట్టి, బుజ్జి యను ముద్దుపేర్లు మాత్రము వ్రాయింపవలదు! తల్లి పేరు ఆమె ఆధార్ కార్డులో నున్నట్లే యున్నదో లేదో అక్కడనే చదివి చూచుకొనవలెను.