బడికి రాకుంటే కేసు ఎవరి మీద?

దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర. ఆ ఐదు రోజులు చివ్వెంల మండలంలో బడి గంట ఎవరికి వినిపిస్తుంది? జాతర పిల్లలు జాతర అయ్యాక తిరిగొస్తారు. అసలు చిక్కు పత్తి ఏరే రోజుల్లో. వారం అనుకున్నది నెల దాటుతుంది, చట్టం గురించి తలా ఒక మాట పుడుతుంది.

అందులో గట్టిగా నాటుకున్నది, “బడికి పంపకుంటే తల్లిదండ్రుల మీద కేసు పెడతరు” అన్నది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో అలాంటి శిక్ష లేదు. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని సెక్షన్ 10 చెప్పి ఊరుకుంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని చేర్చుకోవడం, రోజూ వచ్చేలా చూడటం, ఎనిమిదో తరగతి దాకా చదివించడం ప్రభుత్వం బాధ్యత అని సెక్షన్ 8 అంటుంది. ఇంగ్లండ్‌లో పిల్లలు బడి మానితే తల్లిదండ్రులకు జరిమానా పడుతుంది. ఇక్కడ లేకపోవడమే మేలు. కూలి మీద బతికే ఇంటికి జరిమానా వేస్తే, అది కట్టడానికి మళ్లీ ఆ పిల్లే చేనుకు పోవాలి.

శిక్ష ఉన్నది పనిలో పెట్టుకున్నవాళ్లకు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లల్ని కూలికి పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. పనికి పంపిన తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు. మళ్లీ పంపితే 10 వేల దాకా జరిమానా పడొచ్చు. “మా చేనే కదా” అనే మాటలో మాత్రం కొంత నిజముంది. బడి అయ్యాకో, సెలవుల్లోనో సొంత చేనులో అమ్మానాన్నలకు సాయం చేయొచ్చు. సోమవారం పొద్దున ఆటో ఎక్కి వేరేవాళ్ల పత్తికి పోవడం ఆ లెక్కలోకి రాదు.

“నెల రాకుంటే పేరు కొట్టేస్తరు, మళ్లీ చేర్చుకోరు” అన్నదీ తప్పే. ఎనిమిది పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసేయకూడదని సెక్షన్ 16 చెబుతుంది. 2019 సవరణ వల్ల ఐదులో, ఎనిమిదిలో ఫెయిల్ చేసే వీలు రాష్ట్రాలకు వచ్చింది. బయటికి పంపే వీలు రాలేదు. చెప్పకుండా 45 రోజులు రాని బిడ్డను సర్వశిక్షా అభియాన్ ‘బడి బయటి పిల్ల’గా లెక్కించేది. ఆ లెక్క వెతికి తీసుకురావడానికి, వదిలేయడానికి కాదు. ఏళ్లు గడిచినా వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. ఇది కాగితం మీది మాట అనుకునేవాళ్లు ఎం.వి.ఫౌండేషన్ సంగతి చూడాలి. శాంతా సిన్హా నడిపిన ఆ సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనుల్లో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి నేరుగా బడిలో చేర్చింది. ఆమెకు 2003లో మెగసెసే వచ్చింది ఈ పనికే.

కోదాడ వైపు ఇంకో అపోహ: “75 శాతం హాజరుంటే తల్లి ఖాతాలో డబ్బులు పడతయి.” అది జగ్గయ్యపేట అవతలి మాట. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి, 2025లో వచ్చిన తల్లికి వందనం ఆంధ్రప్రదేశ్ పథకాలు. తెలంగాణలో అలాంటిది లేదు. హాజరు తక్కువైందని మధ్యాహ్న భోజనం ఆపడమూ లేదు.

ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చాక ఎగ్గొట్టడం కుదరదంటున్నారు. 2025 ఆగస్టు నుంచి సార్లకూ అదే హాజరు. ఎవరు రాలేదో యాప్ చెబుతుంది, ఎందుకు రాలేదో చెప్పదు. తల్లిదండ్రులను పిలిచి పిల్లల హాజరు గురించి మాట్లాడమని సెక్షన్ 24 చెప్పింది టీచర్లకే.

చివరి అపోహ పెద్దవాళ్లలోనూ ఉంది: చట్టం పదో తరగతి దాకా కాపాడుతుందని. అది ఎనిమిదితోనే ఆగుతుంది. 14 నిండితే ప్రమాదకరం కాని పనికి పోవచ్చని బాలకార్మిక చట్టమే అంటుంది. 2020 జాతీయ విద్యా విధానం 18 ఏళ్ల దాకా చదువు అందాలని రాసుకుంది గానీ, విధానం చట్టం కాదు. ఎనిమిది పాసై తొమ్మిదిలో చేరని పిల్లను వెనక్కి తేవాలంటే సెక్షన్ చూపించి లాభం లేదు. జూన్‌లో బడిబాటకు వచ్చిన సార్లను ఇంటికి తీసుకెళ్లాలి, కస్తూర్బా విద్యాలయంలో సీటు ఉందేమో ఎంఈవో ఆఫీసులో అడగాలి.