ఫ్యాన్ కొనేటప్పుడు చూడాల్సింది ధరా, కరెంటా?

పర్యావరణానికి మేలు చేసే వస్తువులే కొనాలని చాలామంది అంటారు. షాపుకెళ్లాక మాత్రం ఒక్కో ఇల్లు ఒక్కోలా కొంటుంది. ఇది ఇష్టాయిష్టాల సంగతి మాత్రమే కాదు. ఆదాయం, వయసు, చదువు, ఇంట్లో ఎంతమంది, సొంతిల్లా కిరాయి ఇల్లా అనేవన్నీ కలిసి ఆ నిర్ణయాన్ని మారుస్తాయి.

సీలింగ్ ఫ్యాన్‌నే తీసుకుందాం. మామూలు ఫ్యాన్‌కు సుమారు 75 వాట్ల కరెంటు కావాలి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు దాదాపు 16 యూనిట్లు మిగులుతాయి. నాలుగు ఫ్యాన్లు మారిస్తే 60 యూనిట్ల పైమాటే.

కుటుంబం సైజు: తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. దాటితే మొత్తం కట్టాల్సిందే. ఎండాకాలంలో ఈ గీత దాటే ఉమ్మడి కుటుంబానికి ఆ 60 యూనిట్లు చాలా విలువైనవి. 100 యూనిట్లే వాడే చిన్న కుటుంబానికి బిల్లు ఎలాగూ సున్నా. ఫ్యాన్ మార్చినా జేబులో తేడా కనిపించదు.

ఆదాయం, ఇల్లు: ఈ ఫ్యాన్ ధర మామూలు దానికన్నా ఎక్కువ. రోజు కూలీ మీద బతికే ఇంట్లో రేపటి పొదుపు కోసం ఈరోజు అంత డబ్బు ఒకేసారి తీయడం కష్టం. కిరాయి ఇంట్లో ఫ్యాన్లు ఓనరువి, బిల్లు కిరాయిదారుది. మార్చాల్సిన అవసరం ఎవరికీ అనిపించదు.

చదువు, వయసు: 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. ఆ లేబుల్ చదవడం వచ్చినవారికే అది పనికొస్తుంది. మిగతావారు షాపువాడి మాట నమ్ముతారు. అలాగని పెద్దవాళ్లు వెనకబడ్డారనుకోవద్దు. పాత చీరలతో బొంతలు, సంచులు కుట్టే నానీ ‘గ్రీన్’ అనే మాట వినకపోయినా ఇస్రాఫ్, అంటే దుబారా, చేయకూడదని ఎరుగును. ఖరీదైన స్టీలు బాటిల్ కొని రెండు ఏసీలు నడిపే ఇంటికన్నా ఆమె వాడకం తక్కువే.

అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మార్చలేని ఇల్లు రోజంతా తిరిగే ఒక్కదానితో మొదలుపెట్టొచ్చు. ఎక్కువ కరెంటు మిగిలేది అక్కడే. ఏ గదిలో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుందో ఇంట్లో ఉండే ఆడవాళ్లకే బాగా తెలుసు. కొనే ముందు వాళ్లనొక మాట అడగాలి.