మర ఇచ్చిన మాటకు పూచీ ఎవరిది?

న్యూఢిల్లీ: ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రి "పరిశీలిస్తాం" అన్నంత మాత్రాన ఆ మాట గాలికి పోదు. అది హామీగా నమోదవుతుంది. లోక్‌సభలో 1953లో ఏర్పడిన ప్రభుత్వ హామీల సంఘం దానిని చివరివరకూ వెంటాడుతుంది. మంత్రి మాటకు ఇంత కాపలా ఉన్నది. మరి ప్రభుత్వం తరఫున జవాబు చెప్పే యంత్రం మాటకో?

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో "మన మిత్ర"ను ప్రారంభించి, తొలి విడతగా 161 సేవలను అందులో చేర్చింది. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని భిలాయి పరిసరాలలో స్థిరపడిన తెలుగువారు తక్కువేమీ కాదు. ఆ చేరువలోని కుమ్హారిలో ఒక విశ్రాంత కార్మికుడు ఉన్నాడనుకుందాం. స్వస్థలంలోని పన్ను బకాయి సంగతో, ధ్రువపత్రం సంగతో తెలుసుకొనడానికి ఇదివరకు రైలెక్కవలసిన ఆ పెద్దమనిషి ఇప్పుడు ఇంటివద్ద నుంచే సందేశం పంపి చూడవచ్చు. సౌకర్యమే, సందేహం లేదు.

అయితే ఆ సందేశానికి బదులిచ్చేది గుమాస్తా కాదు, ముందుగా వ్రాసిపెట్టిన ప్రోగ్రాము. పాత పద్ధతి బాట్ సందేశంలోని కీలక పదాలను పట్టుకొని, వాటికి కేటాయించిన జవాబును తిప్పి పంపుతుంది. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన "ఎలైజా" ఈ కోవలోనిదే. జనం దానికి మనసు విప్పి చెప్పుకోవడం చూసి సృష్టికర్తే కలవరపడ్డాడు. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ తరహా బాట్లు వాక్యాలను తామే అల్లుతాయి. తెలియని చోట కూడా తడబడకుండా అల్లడమే వాటితో వచ్చిన చిక్కు.

బంధువు మరణించగా ప్రయాణమైన ఒక వ్యక్తికి ఎయిర్ కెనడా బాట్ ఛార్జీ రాయితీ విషయమై తప్పు చెప్పింది. బాట్ మాటకు తాము బాధ్యులం కామన్న సంస్థ వాదనను 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ త్రోసిపుచ్చి, పరిహారం ఇప్పించింది.

ప్రభుత్వాలకూ అదే కొలబద్ద కావాలి. ప్రోగ్రాము వ్రాయించేవారు మూడు నియమాలు పాటించాలి: తెలియనిదానిని తెలియదనడం, ఆపైన సంప్రదించవలసిన అధికారి ఎవరో చెప్పడం, ఇచ్చిన ప్రతి జవాబునూ తేదీతో భద్రపరచడం. ఇవి లేనినాడు కుమ్హారి పౌరుడు తన చేతిలోని ఫోను ఎవరికి చూపి నిలదీయగలడు? శాఖ తరఫున యంత్రం చెప్పినది శాఖ చెప్పినట్టే. దానికి సభలో లేచి సమాధానం చెప్పవలసినవాడు మంత్రే.