ఫిజీలో పచ్చిక వున్నది, పాలు చాలవు

పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీ అని మూడువందలకు పైగా దీవులు గల దేశమున్నది. అన్నీ కలిపినా మన పాత అనంతపురం జిల్లా అంత వుండదు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవులో ఓడ ఎక్కి అక్కడి చెరకు తోటల్లో కూలికి పోయినవారిలో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారూ వున్నారు. అందుచేత ఆ దేశం మనకు బొత్తిగా పరాయిది కాదు.

అనంతపురంతో పోలిక విస్తీర్ణం వరకే. రాజధాని సువాలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఐదోవంతు కురిస్తే అనంతపురం రైతు సంతోషిస్తాడు. విటిలేవు దీవి పడమటి భాగంలో వాన తక్కువ, అక్కడ చెరకు. తూర్పున తైలేవు, నైటాసిరి ప్రాంతాల్లో ఏడాది పొడుగునా పచ్చిక, అదే పాడికి చోటు. అయినా ఆ దేశంలో వాడే పాలపొడి, వెన్నలలో ఎక్కువ భాగం న్యూజిలాండు వంటి దేశాలనుండి రావలసిందే.

కారణమేమి? వాన మెండుగా వున్నచోట గడ్డి త్వరగా ముదిరి పీచెక్కుతుంది. ఆవు కడుపు నిండుతుంది గాని పాలు పెరగవు. పప్పుజాతి మేత కలిపితే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

రోగం అంత తేలికగా పోదు. 2009లో తైలేవులో బ్రూసెల్లోసిస్, అంటే పశువులు ఈసుకుపోయే అంటురోగం, బయటపడింది. రక్తపరీక్షలో తేలిన పశువులను వధించవలసి వచ్చింది. మనవద్ద ఇదే రోగానికి 4 నుండి 8 నెలల పెయ్యదూడలకు టీకా వేస్తున్నారు. ఈసుకుపోయిన పశువు మాయను పాతిపెట్టక దిబ్బమీద పారవేసే అలవాటు మాత్రం మన పల్లెల్లో ఇంకా చూస్తున్నాము.

అన్నిటికన్న పెద్ద చిక్కు భూమి. సుమారు 87 శాతం నేల స్థానిక ఫిజీ తెగల ఉమ్మడి ఆస్తి. అమ్మకానికి లేదు, కౌలుకే దొరుకుతుంది. తాతలనాటి నేల చేయి జారకుండా కాపాడుకున్న పద్ధతిని మేము తప్పు పట్టము. అయితే చట్టప్రకారం 30 ఏండ్లకు ఇచ్చిన కౌళ్ళ గడువు 1997 నుండి తీరసాగింది. ఎన్నో చెరకు కుటుంబాలు పొలాలు వదిలిపోయినవి. చెరకు రైతైతే చివరి పంట నరికి వెళ్ళిపోగలడు. పాడి అట్లా కాదు. పెయ్యదూడ పుట్టి, ఎదిగి, చూడి కట్టి, పాలిచ్చేసరికి సుమారు మూడేండ్లు. కొట్టం, కంచె, మేతపొలం ఖర్చు వేరే. నాలుగేండ్లు మిగిలిన కౌలు మీద ఇవన్నీ పెట్టమని ఏ పాల సంఘమూ తన సభ్యునికి చెప్పలేదు.