ఖర్చులేని పుస్తకానికి ఖర్చెంత?

"అచ్చు ఖర్చు లేదు, అటక మీద కట్టలు పేర్చుకునే బాధ లేదు, హాయిగా ఈ-బుక్ వేసుకోవే!" అని నా స్నేహితురాలు అన్నప్పుడు నిజమే కదా అనిపించింది. మా నాన్నగారు తన పద్యాల పుస్తకం వెయ్యి కాపీలు వేయించారు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ పంచగా మిగిలినవి ఇరవై ఏళ్లు మా మంచం కిందే ఉన్నాయి. వానలు వెనక్కి తగ్గగానే వాటిని ఎండలో పెట్టి, చెదలు దులపడం అమ్మకి ఏటా ఓ పని. ఆ దృశ్యం కళ్లముందు మెదిలేసరికి ఈ-బుక్‌కే ఓటు వేశాను.

రెండు పుస్తకాలు వేశాను. ఒకటి నా కథలు, తెలుగులో. రెండోది పచ్చళ్ల పుస్తకం, ఇంగ్లీషులో. ఆవకాయ గురించి ఇంగ్లీషులో ఏమిటీ అని నవ్వకండి. అమెరికాలో ఉన్న మన పిల్లలు చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. పైగా 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ మన దేశ భాషల్లో పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ జాబితాలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు! అందుకే కథల్ని ఓ చిన్న తెలుగు ఈ-పుస్తకాల అంగడికిచ్చి, పచ్చళ్లని కిండిల్‌లో పెట్టాను.

వత్తులు ఎగిరిపోయాయి

మొదటి ఖర్చు ఊహించని చోట వచ్చింది. నా కథలన్నీ ఎప్పుడో డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కంపోజ్ చేయించినవి. ఈ-బుక్‌కి యూనికోడ్ కావాలట. మార్పించి చూస్తే ఏముంది... వత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట! "అమ్మ" కాస్తా "అమ" అయి కూర్చుంది. మార్చి, ప్రూఫులు దిద్దినందుకు పేజీకి 20 రూపాయల చొప్పున 168 పేజీలకి 3,360 రూపాయలు. ముఖచిత్రానికి ఇంకో 3,000. వంటిల్లు సర్దాక రాత్రి పదకొండు దాకా నేను చేసిన రెండో విడత దిద్దుబాటుకి ఎవరూ బిల్లు వేయలేదు కాబట్టి దాన్ని లెక్కలో కలపలేదు.

పుస్తకం వెల 75 రూపాయలు. అంగడి వాళ్ల వాటా పోగా నాకు 37 రూపాయల 50 పైసలు. అంటే పెట్టిన 6,360 రూపాయలు వెనక్కి రావాలంటే 170 కాపీలు అమ్ముడుపోవాలి. మొదటి ఏడాది పోయినవి 61.

"మీ నాన్నగారి పుస్తకానికి కనీసం కాగితమైనా మిగిలింది" అన్నారు మావారు.

మూడు రూపాయల కోసం

పచ్చళ్ల పుస్తకం దగ్గర నేర్చుకున్నది మాత్రం మీకు కాస్త వివరంగా చెప్పాలి. కిండిల్‌లో రచయితకి రెండు రకాల రాయల్టీ ఉంటుంది. 35 శాతం ఒకటి, 70 శాతం ఒకటి. ఎవరైనా ఏది ఎంచుకుంటారు? నేనూ 70కే టిక్కు పెట్టాను. మన దేశంలో అమ్మే కాపీల మీద ఆ 70 రావాలంటే ఓ షరతు ఉంది. ఆ ఈ-బుక్‌ని 90 రోజుల గడువు చొప్పున వాళ్లకి తప్ప ఇంకెక్కడా అమ్మకానికి పెట్టకూడదు. సరేననుకున్నాను.

దాని వెనకే ఇంకోటుంది. 70 శాతంలో పుస్తకాన్ని పాఠకులకి చేరవేసినందుకు మెగాబైటుకి 7 రూపాయల చొప్పున ముందే తీసేస్తారు. కథల పుస్తకమైతే ఒక మెగాబైటు కూడా ఉండదేమో. నాది పచ్చళ్ల పుస్తకం! జాడీలో నూనె తేలే ఆవకాయ, ఎండలో ఆరే మాగాయ ముక్కలు, గోంగూర కట్టలు... ఫోటోలతో కలిపి 10 మెగాబైట్లు తేలింది. వెల 149 రూపాయలు. అందులో 70 రూపాయలు చేరవేతకే పోతే మిగిలిన 79లో 70 శాతం, అంటే 55 రూపాయల 30 పైసలు. అదే 35 శాతమైతే చేరవేత ఖర్చు లేకుండా 52 రూపాయల 15 పైసలు. పన్నులు పక్కన పెట్టినా తేడా మూడు రూపాయల చిల్లర. దానికోసం ఇంకెక్కడా అమ్మనని ఒప్పుకుని కూర్చున్నాను!

అమెరికాలో ఇంకా వింత. అక్కడ వెల 2.99 డాలర్లు, చేరవేత మెగాబైటుకి 15 సెంట్లు. లెక్క వేస్తే 70 శాతం కన్నా 35 శాతంలోనే ఒక సెంటు ఎక్కువొస్తుంది.

ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు ఓ ఆదివారం కూర్చుని ఫోటోలన్నీ కుదించి పుస్తకాన్ని 3 మెగాబైట్లకి తెచ్చాడు. అదే వెలకి, అదే 70 శాతంలో ఇప్పుడు నాకొచ్చేది 89 రూపాయల 60 పైసలు. ఆవకాయ ఎరుపు కాస్త తగ్గిందని నాకో చిన్న బాధ, అంతే.

ఇంకో మాట. అమెరికా అమ్మకాల మీద వచ్చే రాయల్టీలో అక్కడి పన్ను కోసం 30 శాతం పట్టుకుంటారు. ఖాతా తెరిచేటప్పుడు అడిగే పన్ను ప్రశ్నల్లో మీ పాన్ నంబరు సరిగ్గా ఇస్తే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది 15 శాతం అవుతుంది. తొందర్లో ఆ పేజీ దాటేయకండి. డబ్బు కూడా వెంటనే రాదు. జనవరిలో అమ్మిన కాపీ సొమ్ము మార్చి ఆఖరుకి గానీ పడదు.

మన దగ్గరి పన్నులోనూ ఓ తిరకాసుంది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-బుక్‌కి 2018 జులైలో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు గానీ, అది అచ్చులో కూడా వచ్చిన పుస్తకాలకే. అచ్చు వేయించే స్తోమత లేక ఈ-బుక్‌కి వచ్చినవాళ్లకి ఆ తగ్గింపు దక్కలేదు.

ప్యాకేజీల వాళ్లొస్తారు

మీరు పుస్తకం రాశారని తెలిస్తే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మీ పుస్తకం ప్రపంచమంతా అందుబాటులో..." అంటూ ఓ సంస్థ నన్ను 18,500 రూపాయల ప్యాకేజీ తీసుకోమంది. 5,000 కట్టాను కూడా. తర్వాత వివరాలు అడిగితే అందులో ఐఎస్‌బీఎన్ నంబరుకే 2,000 వేశారు. ఆ నంబరు మన దేశంలో ఉచితం! ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీకి దరఖాస్తు పెట్టుకుంటే పైసా తీసుకోకుండా ఇస్తారు. కిండిల్ ఈ-బుక్‌కైతే అసలు అదీ తప్పనిసరి కాదు. నా 5,000 మాత్రం వెనక్కి రాలేదు. మావారికి ఆ సంగతి ఈ వ్యాసం చదివాకే తెలుస్తుంది.

సొంతంగా పుస్తకాలు వేసుకోవడం మన రచయిత్రులకి కొత్తేమీ కాదు. రంగనాయకమ్మగారు స్వీట్ హోం పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తానే వేసుకుని తక్కువ ధరకి అమ్మారు. అయితే ఆవిడకి వారపత్రికల సీరియల్స్ చదివిన పాఠకులు ముందే ఉన్నారు. నాకున్నది మా అపార్ట్‌మెంటు, మా చుట్టాలు, పాత కొలీగ్స్. వాళ్లలోనూ ఫోన్లో కార్డు నంబరు కొట్టి 75 రూపాయలు కట్టే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

మొన్న సంక్రాంతికి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నీ కథలు ఎంత బావున్నాయో! చివరి కథకి ఏడ్చేశాను తెలుసా? మా కాలనీ గ్రూపులో కూడా పెట్టాను, అందరూ చదువుతున్నారు" అంది. ఎలా పెట్టావే అంటే, ఎవరో పీడీఎఫ్ పంపారట. ఆ గ్రూపులో 200 మందికి పైనే ఉన్నారట. అంత సంబరంగా చెబుతున్న పిల్లని ఏమనను? "సంతోషం రా" అన్నాను. పెట్టేశాక మాత్రం కాసేపు పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

రాత్రి మళ్లీ తనే చేసింది. మరిది చెబితే తెలిసిందట. "అక్కా, అది తీసేశాను. కొనే చోటు ఎక్కడో పంపించు, గ్రూపులో అది పెడతాను" అంది. ఆ వారంలో తొమ్మిది కాపీలు పోయాయి. పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలో రాసుకున్నాను: తొమ్మిదికి 337 రూపాయల 50 పైసలు.

రెండో కథల సంపుటి సిద్ధంగా ఉంది. ఈసారి కథలు నేరుగా యూనికోడ్‌లోనే టైపు చేసుకున్నాను. ముఖచిత్రానికి మాత్రం పచ్చళ్ల పుస్తకం డబ్బు 3,000 అయ్యేదాకా ఆగుతున్నాను. ఇంకా 640 తక్కువ.